గోడకు నిమ్ము, పిల్లాడికి నిమ్ము

తెలుగులో నిమ్ము అనే మాట రెండు చోట్ల కాపురం చేస్తుంది. పునాదిలోంచి తడి పైకి పాకి సున్నం పెచ్చులుగా ఊడిపోతుంటే గోడకు నిమ్ము ఎక్కిందంటాం. పిల్లాడి ఛాతీకి చెవి ఆనిస్తే గురగుర వినిపించినప్పుడు నిమ్ము చేసిందంటాం. ఈ రెండో నిమ్ము ఒక్క జబ్బు పేరు కాదు. ఛాతీలో పేరుకున్న కఫం కావచ్చు, న్యుమోనియా కావచ్చు, ఉబ్బసం కావచ్చు. అమ్మమ్మలు అన్నిటినీ ఒకే మాటలో చెప్పేశారు.

మాట ఒకటైనంత మాత్రాన రెండింటికీ చుట్టరికం ఉండాలనేం లేదు. ఈ సందర్భంలో మాత్రం ఉంది. కాకపోతే అది వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చెప్పేంత దగ్గరిదీ కాదు, ఇంటి ఓనర్లు కొట్టిపారేసేంత దూరపుదీ కాదు. "నల్ల బూజు విషం, వెంటనే ఇల్లు ఖాళీ చేయండి" అని ఒకరు, "గోడ మీద మచ్చకి కూడా దగ్గొస్తుందా, మేమంతా పెరగలేదా" అని ఇంకొకరు. మధ్యలో రాత్రి రెండు గంటలకి పిల్లాణ్ని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకున్న తల్లి. ఆమెకి పనికొచ్చే సమాధానం కావాలంటే ముడి ఒక్కొక్కటిగా విప్పాలి.

తడి గరిటె

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఇంట్లో పెద్దావిడ ఎందుకు కేకలేస్తుందో మనందరికీ తెలుసు. వారం తిరక్కుండా పైన తెల్లటి పొర కడుతుంది. ఆ బూజు గరిటెతో వచ్చిందా? లేదు. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉన్నాయి. జాడీ మూత తీసిన ప్రతిసారీ లోపల పడుతూనే ఉన్నాయి. ఉప్పూ నూనే ఉన్నచోట మొలవలేక ఊరుకున్నాయి, నీటిచుక్క దొరికిన చోట మొలిచాయి.

గోడ సంగతీ అంతే. బూజు బీజాలు లేని గాలి ఈ భూమి మీద ఏ ఇంట్లోనూ ఉండదు. మన కోనసీమలో వరి నూర్పిళ్లప్పుడు లేచే ధూళిలో ఇవి బోలెడు. వాటికి తిండి కూడా ఇంట్లోనే దొరుకుతుంది: కాగితం, చెక్క, ప్లైవుడ్, తోలు చెప్పులు, జిప్సం బోర్డు మీది అట్ట, చివరికి గోడ మీద పేరుకున్న దుమ్ము. మన వాతావరణంలో వెచ్చదనానికి కొదవే లేదు. తక్కువైంది నీరొక్కటే. అది కూడా అందిందంటే 24 నుంచి 48 గంటల్లో పని మొదలవుతుంది. కాబట్టి బూజును శత్రువుగా చూసి దానితో కుస్తీ పట్టేవాళ్లు సగం యుద్ధమే చేస్తున్నారు. ఆ మచ్చ ఒక వార్త. ఇక్కడికి ఎక్కడినుంచో నీళ్లు వస్తున్నాయని చెబుతోంది.

ఇంకొక తేడా కూడా ఇక్కడే చెప్పేయాలి. గోడ అడుగున తెల్లగా, పొడిపొడిగా పూసేదంతా బూజు కాదు. ఇటుకలోని, సిమెంటులోని లవణాలు తడితో బయటికొచ్చి ఆరిపోతే అలా ఉప్పు పూస్తుంది. దాని మీద నీళ్లు చిలకరిస్తే కరిగిపోతుంది, బూజు కరగదు. ఉప్పు వల్ల ఉబ్బసం రాదు. కానీ ఉప్పు పూసిందంటే గోడలో నీరుందనే అర్థం, ఆ వెనకే బూజు వచ్చే అవకాశమూ ఉంది.

ఊపిరితిత్తిలో ఏం జరుగుతుంది

ఉబ్బసం ఉన్న పిల్లల శ్వాసనాళాల లోపలి పొర, ఏ బాధా కనిపించని రోజున కూడా, కొంచెం వాచే ఉంటుంది. ఈ సంగతి అర్థమైతే తర్వాత చెప్పబోయే మందుల గొడవ సగం తీరుతుంది. రెచ్చగొట్టేది ఏదైనా తగలగానే నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కఫం ఊరుతుంది, దారి సన్నబడుతుంది. గాలి బయటికి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. డొక్కలు ఎగరేస్తుంటే పరిస్థితి ముదిరినట్టు.

పిల్లల్లో అలా రెచ్చగొట్టేవాటిలో పెద్దన్న బూజు కాదు, జలుబు వైరస్. అయిదేళ్లలోపు పిల్లలు చాలామంది జలుబు చేసినప్పుడు మాత్రమే కూతలు పెడతారు, వయసుతో పాటు మానేస్తారు. మనవాళ్లు పాల ఉబ్బసం అని పిలిచేది చాలాసార్లు ఇదే. బూజు వరస ఆ తర్వాత. అయితే అది రెండు దార్లలో వస్తుంది. ఒకటి అలర్జీ దారి. కొందరు పిల్లల శరీరం ఆల్టర్నేరియా, ఆస్పర్‌జిల్లస్, క్లాడోస్పోరియం, పెనిసిలియం లాంటి బూజుల మీద ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ బీజం తగిలిన నిమిషాల్లో తేడా తెలుస్తుంది. రెండో దారికి అలర్జీతో పని లేదు. బూజు కణాల గోడల్లో ఉండే పదార్థాలు, ఆ ముక్కిన వాసన తెచ్చే వాయువులు, అప్పటికే వాచిన నాళాన్ని గరుకు గుడ్డతో రుద్దినట్టు రేపుతాయి. అందుకే అలర్జీ పరీక్షలో బూజుకు ఏమీ లేదని వచ్చిన పిల్లాడు కూడా ఆ గదిలో పడుకుంటే దగ్గవచ్చు. పరీక్షలో ఉందని వచ్చిన పిల్లకి అసలు ఏ బాధా లేకపోనూవచ్చు. వంద పదార్థాల జాబితాతో అలర్జీ పరీక్ష చేయించి, ఆ కాగితం చూసి వంకాయ దగ్గర్నుంచి వేరుశనక్కాయ దాకా మాన్పించిన తల్లిదండ్రుల్ని చూశాను. మంచం పక్క గోడ మాత్రం అలాగే కారుతోంది.

చెమ్మ ఇంట్లో బూజు ఒంటరిగా ఉండదు, అసలు చిక్కు అక్కడ వస్తుంది. పరుపుల్లో కంటికి కనపడని దుమ్ము పురుగులు గాలిలోని తేమను పీల్చుకునే బతుకుతాయి. సింకు కింద తడి ఉంటే బొద్దింకలు చేరతాయి. ఈ రెండూ ఉబ్బసాన్ని రేపేవే. పైగా మన దగ్గర తొలకరి, బడులు తెరవడం, పిల్లల మధ్య వైరస్‌లు చేతులు మారడం, అన్నీ జూన్‌లోనే. జూలైలో పిల్లాడికి ఆయాసం ఎక్కువైతే ఇందులో ఏది ఎంత పాపం చేసిందో ఏ డాక్టరూ తూకం వేసి చెప్పలేడు. ఒక్క ఊరట ఏమిటంటే బూజు, దుమ్ము పురుగు, బొద్దింక, ఈ మూడింటి వేరూ నీళ్లే. నీటి దారి మూస్తే మూడింటి మీదా దెబ్బ పడుతుంది.

ఒకే ఊరు, రెండు కథలు

బూజు మీద ఉన్న భయం ఎంత, ఆధారం ఎంత అని తేల్చుకోవాలంటే అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కి వెళ్లాలి. 1993, 1994 సంవత్సరాల్లో ఆ ఊళ్లో పదిమంది పసిపిల్లలకి ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. వాళ్ల ఇళ్లల్లో నీళ్లు కారి పెరిగిన స్టాకీబోట్రిస్ అనే నల్ల బూజుకీ దీనికీ సంబంధం ఉందని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం మొదట ప్రకటించింది. పత్రికలు "విషపు బూజు" అని పేరు పెట్టాయి, కోర్టు కేసులు నడిచాయి. తర్వాత అదే కేంద్రం లెక్కలన్నీ తిరగేసి, 2000లో, ఆ సంబంధం రుజువు కాలేదని ఒప్పుకుంది. మొదటి ప్రకటన ప్రపంచమంతా తిరిగింది, రెండోది ఇంకా తిరగలేదు. మనకి ఇప్పుడు ఫార్వర్డ్ అయి వచ్చే సందేశాల మూలం అక్కడే. బూజు రంగు చూసి ప్రమాదం చెప్పలేం. నల్లవన్నీ స్టాకీబోట్రిస్ కావు.

అదే ఊళ్లో 2006లో వచ్చిన అధ్యయనం గురించి మాత్రం ఎవరూ మాట్లాడుకోరు. ఇంట్లో బూజు ఉండి, ఉబ్బసంతో బాధపడుతున్న 62 మంది పిల్లల్ని తీసుకున్నారు. అందరికీ మందులెలా వాడాలో నేర్పారు, ఆయాసం వస్తే ఏం చేయాలో రాసిచ్చారు. అందులో ఒక గుంపు ఇళ్లకి మాత్రం అదనంగా మరమ్మతులు చేయించారు: నీళ్లు లోపలికి రాకుండా ఆపడం, నాని పాడైన సామాను తీసేయడం, గాలి ఆడే ఏర్పాట్లు సరిచేయడం. మరమ్మతులు పూర్తయ్యాక ఆరు నెలల పాటు చూస్తే, బాగుచేసిన ఇళ్లల్లోని 29 మందిలో ఒక్కరికే ఆయాసం ముదిరింది. బాగుచేయని ఇళ్లల్లోని 33 మందిలో 11 మందికి ముదిరింది.

చిన్న అధ్యయనమే. నిజమే. 62 మందితో ప్రపంచాన్ని తీర్మానించలేం. వేల్స్‌లో జరిగిన మరో పరీక్షలో బూజు తీసేసి, గాలి ఆడటానికి ఫ్యాన్లు పెట్టాక, మాకు తేలికగా ఉందని, మందులు తగ్గాయని రోగులు చెప్పారు గానీ, ఊపిరి బలాన్ని ఊది చూసే పరికరంలో అంకెలు మారలేదు. అన్నీ కలిపి చూసినవాళ్ల తీర్పు ఎటుందంటే: చెమ్మ, బూజు ఉన్న ఇళ్లల్లో ఉబ్బసం ఉన్నవాళ్లకి బాధ ఎక్కువవుతుంది, దానికి తగినన్ని ఆధారాలున్నాయి. 2004లో అమెరికా వైద్య సంస్థ నివేదిక, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఈ సంగతి చెప్పాయి. ఉన్న ఉబ్బసాన్ని రేపడం మీద ఉన్నంత గట్టి ఆధారం, లేని ఉబ్బసాన్ని పుట్టించడం మీద లేదు. క్లీవ్‌లాండ్ లెక్కలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటుంది. రెండు గుంపులకీ మందులందాయి. గోడ బాగుచేయడం మందుకి బదులుగా కాదు, మందుతో పాటు పనిచేసింది.

నీళ్లు ఏ దారిన వస్తున్నాయి

ఇంట్లోకి నీరు వచ్చే దారులు నాలుగు. పైనుంచి: మేడ మీద వాలు సరిగా లేక నిలిచిన నీళ్లు, పిట్టగోడ పగుళ్లు, సన్‌షేడ్ మీద చెత్త పేరుకుని ఆగిన వాన. పక్కనుంచి: బాత్రూమ్ గోడలో దాచిన పైపు చెమర్చడం, పై ఫ్లాటు వాళ్ల బాత్రూమ్ నేల. బాత్రూమ్‌కి అవతలి వైపు గోడకే మన ఇళ్లల్లో పిల్లల అల్మారా ఉంటుంది, అదేం శాపమో! కిందినుంచి: పునాది మీద చెమ్మను ఆపే పొర వేయకపోతే నేల తడి గోడలో రెండు మూడు అడుగుల దాకా ఎక్కుతుంది.

నాలుగోది ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. ఇంట్లో మనమే తయారుచేసే తేమ. వంటగ్యాసు మండితే పుట్టేది వేడి, పొగ మాత్రమే అనుకుంటాం. కిలో గ్యాసు మండితే కిలోన్నరకి పైగా నీరు ఆవిరిగా బయటికొస్తుంది. 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి దాదాపు 22 లీటర్లు, అంటే పెద్ద బకెట్టు నిండా నీళ్లు, కంటికి కనిపించకుండా ఇంట్లో కలుస్తాయి. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి దీనికి అదనం. ముసురు పట్టిన వారంలో హాల్లో తాళ్లు కట్టి బట్టలు ఆరేస్తే ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? బీరువా వెనక గోడకి. అక్కడ గాలి ఆడదు, గోడ చల్లగా ఉంటుంది, చీకటి, దుమ్ము. బూజుకి అత్తారిల్లు. తెలంగాణ, రాయలసీమ వేసవిలో ఎయిర్ కూలర్ కూడా ఇదే పని చేస్తుంది. మూసిన గదిలో కూలర్ పెట్టుకుంటే గది తేమగది అవుతుంది. గడ్డి పరదాలు మార్చకుండా రెండేళ్లు వాడితే కూలర్ నేరుగా బీజాల్ని ముఖాన కొడుతుంది.

ఇక కిటికీల సంగతి. నెట్‌లో ఎక్కడ చూసినా బూజుకి మొదటి సలహా కిటికీలు తెరవమనే. ఇది బ్రిటన్, కెనడా లాంటి చలి దేశాల సలహా. అక్కడ చలికాలపు బయటి గాలిలో నీరు తక్కువ, లోపలికి వచ్చి వేడెక్కితే అది గదిని ఆరబెడుతుంది. విశాఖలో శ్రావణ మాసంలో అదే పని చేస్తే ఏమవుతుంది? బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉన్న రోజున 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ గోడకి ఆ గాలి తగిలినా నీరు పడుతుంది. రాత్రంతా 22లో ఏసీ వేసి, పొద్దున్నే గాలి కోసం కిటికీలు బార్లా తెరిస్తే, చల్లటి గోడల మీద మనమే నీళ్లు చల్లుకున్నట్టు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చెమర్చినట్టే గది చెమరుస్తుంది.

అంటే కిటికీలు మూసుకోవాలనా? కాదు, వేళ చూసుకోవాలి. వంట, స్నానం అయిన వెంటనే ఆవిరిని అక్కడికక్కడే ఎగ్జాస్ట్ ఫ్యానుతో బయటికి తోలాలి, స్నానమయ్యాక ఇంకో అరగంట తిరగనివ్వాలి. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం కిటికీలు తెరవాలి. ముసురులో ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టొచ్చు, దాని పైపులోంచి కారే నీళ్లన్నీ మీ గది గాలిలోవే. కొన్ని వందల రూపాయలకి తేమ చూపించే చిన్న మీటరు దొరుకుతుంది. 60 శాతం లోపు ఉంటే బూజుకి కష్టం, 50 లోపు ఉంటే దుమ్ము పురుగులకీ కష్టం. కోస్తాలో ఆగస్టులో ఇల్లంతా 50కి తేవడం మామూలు సంసారాలకి అయ్యే పని కాదు. పిల్లాడు పడుకునే ఒక్క గదినైనా 60 దగ్గర ఉంచగలిగితే చాలా పని జరిగినట్టే. రోజులో తొమ్మిది పది గంటలు వాడు పీల్చేది ఆ గాలినే.

నీరు గోడలోంచి వస్తోందో, గది గాలిలోంచి గోడ మీద పడుతోందో తెలియనప్పుడు ఒక పాత చిట్కా ఉంది. మచ్చ పక్కన అడుగు చదరం అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించి, రెండు రోజులాగి చూడాలి. రేకు పైన తడి ఉంటే గది గాలిదే తప్పు. రేకు వెనక, గోడ వైపు తడి ఉంటే గోడలోంచి వస్తోంది, ప్లంబర్నో మేస్త్రీనో పిలవాలి. ఈ తేడా తెలియకుండా పదివేలు పెట్టి రంగులు వేయించినవాళ్లు వీధికి ఇద్దరుంటారు.

రంగుల మాటొచ్చింది కాబట్టి ఒక్క మాట. సంక్రాంతి ముందు ఇంటికి వేసే సున్నానికి ఘాటైన క్షార గుణం ఉండేది, దాని మీద బూజు అంత తేలిగ్గా మొలవదు. పైగా గోడలోని తడి ఆరిపోవడానికి అది దారి ఇస్తుంది. ఇప్పటి ప్లాస్టిక్ రంగులు పొరలా మూసేస్తాయి, తడి లోపలే ఉండి బుడగలుగా లేస్తుంది. పాతదంతా మంచిదని నేననను, అదే ఇంట్లో కట్టెల పొయ్యి పొగ కూడా ఉండేది మరి. ఈ ఒక్క విషయంలో మాత్రం సున్నం గెలిచింది.

దులపకూడదు, తుడవాలి

మన భాష ఇక్కడ చిన్న మోసం చేస్తుంది. మూలల్లో వేలాడే సాలెగూళ్లూ బూజే, పచ్చడికి పట్టేదీ బూజే, గోడకి పట్టేదీ బూజే. పండక్కి ముందు బూజు దులపడం అలవాటు కాబట్టి గోడ మీదిదాన్ని కూడా చీపురుతో దులిపేస్తాం. దులిపిన ప్రతిసారీ కోట్ల బీజాలు గాలిలోకి లేచి, గంటల తరబడి తేలుతుంటాయి. గోడ బూజును పొడిగా ముట్టుకోకూడదు. ముందు సబ్బునీళ్లతో తడిపి, బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో మూటకట్టి పారేయాలి. తుడిచేవాళ్లకి ఎన్95 మాస్కు, చేతికి తొడుగులు. పిల్లాణ్ని ఆ పూట పక్కింట్లో వదలాలి. తుడిచాక గోడ పూర్తిగా ఆరాలి, లేకపోతే కథ మళ్లీ మొదటికి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపు మచ్చైతే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. అంతకు మించితే పని తెలిసినవాళ్లని పిలవడం మేలు.

చాలామంది బ్లీచింగ్ పౌడర్ పట్టుకొస్తారు. నల్ల మచ్చ తెల్లబడుతుంది కాబట్టి పనైందనిపిస్తుంది. చచ్చిన బూజు కూడా అలర్జీని రేపుతుంది, దాన్ని గోడ మీదినుంచి తీసేయడమే పని. పైగా బ్లీచింగ్ ఘాటు ఉబ్బసం ఉన్న పిల్లాడికి నేరుగా పడదు. దాన్ని మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది పెద్దవాళ్లనైనా ఆసుపత్రి పాలు చేస్తుంది. ఎప్పుడూ కలపకూడదు.

నాని బూజు పట్టిన పరుపు, దిండు, దూది బొమ్మలు, జిప్సం సీలింగ్ ముక్క, వీటిని శుభ్రం చేయలేం. పారేయాలి. చెప్పడం తేలికే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు పరుపులు ఎండబెట్టుకుని మళ్లీ వేసుకున్న కుటుంబాల్ని ఎవరు తప్పుపడతారు? కొత్త పరుపు కొనలేనప్పుడు కనీసం పిల్లలది ఒక్కటైనా మార్చడం, మారే దాకా వాళ్లని చాప మీదో, నవారు మంచం మీదో పడుకోబెట్టడం నయం.

చెమ్మ వాసన పోగొట్టడానికి సాంబ్రాణి వేయడం, అగరొత్తులు గుచ్చడం, బీరువాలో కలరా ఉండలు పోయడం మన ఇళ్లల్లో మామూలు. వాసన మీద వాసన కప్పడమే ఇది. పసిపిల్లలకి తలంటి సాంబ్రాణి పొగ పట్టించడం మీద పెద్దవాళ్లతో వాదనకి దిగడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ పిల్లికూతలు వినిపించే బిడ్డకి ఆ పొగ బూజు కంటే పెద్ద శత్రువు. దోమల చుట్ట అంతకన్నా ఘోరం. ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. దోమతెర కట్టుకోవడం మంచిది.

గోడ బాగైతే మందు మానొచ్చా

మానకూడదు. డాక్టరు తగ్గించేదాకా ఆగాలి. ఈ ప్రశ్న వెనక ఉన్న భయాలు వేరు కాబట్టి వాటి గురించి మాట్లాడుకోవాలి. మొదటిది పేరు భయం. "ఆస్తమా అనకండి డాక్టరుగారూ, వీజింగ్ అనండి" అనే తల్లిదండ్రులు, అందులోనూ ఆడపిల్లల తల్లిదండ్రులు, ప్రతి క్లినిక్‌లోనూ ఉంటారు. పేరు చెప్పుకోకపోతే రోజూ మందు వాడాలనే ఆలోచనే రాదు. ఆయాసం వచ్చినప్పుడల్లా తీసుకెళ్లి నెబులైజర్ మిషను పెట్టించుకు రావడమే వైద్యమవుతుంది.

రెండోది స్టెరాయిడ్ భయం. రోజూ పీల్చే ఇన్‌హేలర్‌లో ఉండేది నాళాల వాపును తగ్గించే స్టెరాయిడ్ మందే, అందులోని మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. రోజుకి 200 మైక్రోగ్రాములు పీల్చే 20 కిలోల పిల్లాడికి, ఆయాసం ముదిరి ఆసుపత్రికి వెళితే నోటి ద్వారా ఇచ్చే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఒక్క రోజుకే 20 మిల్లీగ్రాములు, అంటే 20,000 మైక్రోగ్రాములు. రెండు మందులూ ఒకటి కావు, తూకం సరిగ్గా అలాగే కుదరదు. అయినా ఏది ఎక్కువో చూడటానికి ఈ లెక్క చాలు. పీల్చే మందుతో ఎత్తు కొంచెం తగ్గుతుందన్నది నిజమే. పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన అమెరికా అధ్యయనంలో ఆ తేడా 1.2 సెంటీమీటర్లు. దాన్ని ఒక వైపు, మన దేశపు లెక్కని ఇంకో వైపు పెట్టి చూడండి: ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో మన వాటా దాదాపు 13 శాతం, ఉబ్బసంతో పోయే ప్రాణాల్లో 40 శాతం పైనే. మందు లేక కాదు, రోజూ వాడాల్సిన మందు వాడకపోవడం ఇందులో పెద్ద కారణం. అప్పటికప్పుడు ఊపిరాడేలా చేసే సాల్బుటమాల్ పంపు ఒక్కదాని మీదే ఆధారపడకూడదని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు 2019 నుంచీ గట్టిగా చెబుతున్నాయి.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొరమీను పిల్లతో ఇచ్చే చేప ప్రసాదం గురించి రాయకుండా తెలుగులో ఉబ్బసం వ్యాసం ముగియదు. నమ్మకం ఎవరిది వాళ్లది. అది పనిచేస్తుందని చూపిన శాస్త్రీయ పరీక్ష లేదు. నా ఆందోళన వేరే. అది తీసుకున్నామని ఇన్‌హేలర్ ఆపేస్తే, ఆపేది సరిగ్గా తొలకరి రోజుల్లో, గోడలు తడిసి, బడులు తెరిచే వారంలో.

ఉబ్బసం అదుపులో ఉందో లేదో గత నాలుగు వారాల గురించి నాలుగు ప్రశ్నలేసుకుని తెలుసుకోవచ్చు. ఆరేళ్లు దాటిన పిల్లలకైతే: పగటిపూట దగ్గు, ఆయాసం వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వచ్చాయా, రాత్రి నిద్ర లేచాడా, ఆయాసం పంపు వారానికి రెండుసార్లు దాటి అవసరమైందా, ఆటలు తగ్గించుకున్నాడా? మూడు నాలుగుకి అవునంటే అదుపు తప్పినట్టే. అప్పుడు మందు పెంచే ముందు చూడాల్సినవి మూడున్నాయి. మందు రోజూ వేస్తున్నారా, పంపుకి తగిలించే స్పేసర్ గొట్టంతో సరిగా పీలుస్తున్నాడా, పడుకునే గదిలో చెమ్మ ఉందా. మొదటి రెండూ డాక్టర్లు అడుగుతారు. మూడోది ఎవరూ అడగరు.

ఇవన్నీ సరిగా ఉండీ అదుపు కాకుండా, గోధుమ రంగు గడ్డల్లాంటి కఫం పడుతుంటే, ఆస్పర్‌జిల్లస్ బూజుకి ఊపిరితిత్తే ఎదురుతిరిగే వేరే జబ్బు ఉందేమో చూడాలి. అది మన దేశంలో అంత అరుదు కాదు, ఐజీఈ రక్తపరీక్షతో పట్టుకోవచ్చు. ఇక పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పంపు ఇచ్చినా తగ్గకపోయినా గోడ గురించి ఆలోచించే వేళ కాదు, 108కి ఫోన్ చేయాలి.

అద్దె ఇల్లైతే

ఇప్పటిదాకా రాసినదంతా సొంతింటి వాళ్లకి. మేస్త్రీని పిలిచే హక్కు లేని అద్దెవాళ్లకి చిక్కు ఇంకా ఎక్కువ. ఓనరు వస్తాడు, మచ్చ చూస్తాడు, "తడి బట్టలు లోపల ఆరేస్తున్నారా?" అంటాడు, పుట్టీ కొట్టించి రంగు వేయిస్తాడు. మూడు నెలలకి మచ్చ అదే ఆకారంలో తిరిగొస్తుంది. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో జరిగిందీ ఇలాంటిదే. అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు తండ్రి, ఇంట్లో బూజు ఉందని, బాబు పుట్టకముందు 2017 నుంచీ ఫిర్యాదు చేస్తే, ఇంటి యజమానులు రంగు వేసుకోమన్నారు. 2020 డిసెంబరులో ఆ బాబు చనిపోయాడు. ఇంట్లోని బూజుతో శ్వాసనాళాలు దెబ్బతినడమే కారణమని 2022లో విచారణ తేల్చింది. అది ఉబ్బసం కేసు కాదు, అరుదైనది కూడా. కానీ దానితో ఒక చట్టమొచ్చింది. 2025 అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వ, సామాజిక గృహాల యజమానులు ప్రమాదకరమైన చెమ్మ మీద ఫిర్యాదు వస్తే పది పనిదినాల్లో వచ్చి చూడాలి, అత్యవసరమైతే 24 గంటల్లో.

మన దగ్గర నేను చూసిన అద్దె ఒప్పందాల్లో మేకులు కొట్టకూడదని ఉంటుంది గానీ చెమ్మ మాట ఉండదు. కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లడం వానాకాలంలోనే మంచిది. వేసవిలో ప్రతి గోడా పెళ్లికూతురిలాగే ఉంటుంది. కొత్త రంగు వేసిన ఇల్లయితే బాత్రూమ్ అవతలి గోడని, బీరువా పెట్టే మూలని చేత్తో తడిమి చూడాలి, అల్మారా తలుపు తెరిచి వాసన చూడాలి. ఇప్పటికే ఉంటున్న ఇల్లయితే మంచాన్ని తడి గోడకి దూరంగా జరపడం, బీరువాని గోడ నుంచి నాలుగు అంగుళాలు ముందుకి లాగడం, వీలైతే పిల్లాడి పడక వేరే గదికి మార్చడం, వీటికి ఓనరు అనుమతి అక్కర్లేదు.

ఇంకొకటి కూడా చేయొచ్చు. గోడ క్యాలెండర్ మీద, తిథుల పక్కన, పిల్లాడు రాత్రి దగ్గిన రోజున ఒక చుక్క పెట్టండి. వాన పడిన రోజున ఒక గీత. జలుబు ఉంటే జ అని రాయండి. దసరా సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు కూడా మానకండి. అక్కడున్న పది రోజుల్లో చుక్కలు ఆగిపోయి, తిరిగొచ్చిన మూడో రాత్రి మళ్లీ మొదలైతే, అది ఏ అలర్జీ పరీక్ష కంటే తక్కువ ఆధారం కాదు. రెండు నెలల కాగితాలు చింపి, గోడ ఫొటోతో సహా డాక్టరు బల్ల మీద పెట్టండి. ఓనరుకి కూడా అవే పంపండి.